మట్టి గోడకు సిమెంటు

పాడుబడ్డ చర్చిలు చూడటం టెక్సాస్ వాళ్ళ సరదా. న్యూమెక్సికోలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ అవసరం రాదు, ఎవరి ఊళ్ళో పాడుబడుతున్నది వాళ్ళకి సరిపోతుంది. డెబ్బై ఆరేళ్ళొచ్చిన ఒనేసిమో కూడా అబో అనే చోట పాత చర్చి శిథిలం ఉందని వినడమే గాని అటు తొంగి చూసిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆగస్టులో ఒక పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆదివారం టోపీ పెట్టుకుని, చెల్లెలు డెల్ఫీనా పికప్ ట్రక్కులో ఎక్కి కూర్చున్నాడు. రెండు రోజుల ప్రయాణం. ఎందుకు వెళ్తున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు గనక ఎవరూ అడగలేదు.

వాళ్ళ ఊరు వాయెసీతోలో శాన్ ఇసిద్రో చర్చికి ఈస్టర్ ముందు తాళం పడింది. ఉత్తరం వైపు గోడ కడుపుతో ఉన్న మనిషిలా ముందుకొచ్చింది. బిషప్ గారి ఆఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు దాని మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, ఇక లోపల ఎవరూ కూర్చోకూడదని చెప్పి పోయాడు. తిరిగి కట్టడానికి ఊళ్ళో మనుషులు లేరు. ఉన్న కొద్దిమందిలో నిచ్చెన ఎక్కగలిగినవాళ్ళు అసలే లేరు. మిషను పెట్టి నేలమట్టం చేయించడం ఒక దారి. పాత కట్టడాలను కాపాడే సంఘం ఒకటి ముందుకొచ్చింది, దానికి అప్పజెప్పడం ఇంకో దారి. వాళ్ళు కప్పు విప్పేసి, గోడలకు లోపల్నుంచి ఊతం పెట్టి, శిథిలాన్ని శిథిలంలాగే నిలబెట్టి, చుట్టూ కంచె వేసి ముందు ఒక బోర్డు పెడతారు. ఏదో ఒకటి ఈ ఆదివారం పక్క ఊళ్ళో పూజ అయ్యాక ఫాదర్‌తో చెప్పాల్సింది డెల్ఫీనా. ఈ ఏడు చర్చి పెత్తనం ఆమెది. నిజం చెప్పాలంటే తీసుకునేవాళ్ళు లేక కొన్నేళ్ళుగా ఆమెదే. నువ్వెలా అంటే అలాగేనని ఊరంతా చేతులు దులిపేసుకుంది.

ఒనేసిమోకి రెండో దారి కావాలి. కావాలని నోటితో అనలేదు, అననక్కర్లేదు కూడా. ఆ చర్చికి సిమెంటు పూసినవాడు అతనే.

అంతకుముందు ఏటా ఎండాకాలంలో పొలం పనులకు కాస్త తెరిపి దొరగ్గానే ఊరంతా కలిసి చర్చికి మట్టి మెత్తేవారు. మగవాళ్ళు మట్టి తొక్కి, గడ్డి కలిపి మోసుకొచ్చి ఇస్తే, గోడ మీద చెయ్యి వేసేది ఆడవాళ్ళు. మగవాడు గోడ ముట్టుకుంటే నవ్వేవారు. ఆ ఆడవాళ్ళ వరసలో మొదట నిలబడేది వాళ్ళమ్మ ఎపిఫానియా. అరచేతులు పగిలి, పగుళ్ళలోకి మట్టి దిగి, చలికాలంలో రొట్టెల పిండి కలుపుతుంటే పిండికి నెత్తురంటేది. హైవే పనుల్లో తాపీ నేర్చుకుని తిరిగొచ్చిన ఒనేసిమో ఆ చేతులు చూసి తట్టుకోలేకపోయాడు. గోడలకు ఇనప జాలీ కొట్టి పైన సిమెంటు పూస్తే ఇక వందేళ్ళు వాటి మొహం చూడనక్కర్లేదన్నాడు. ఊరంతా సంబరపడింది. అందరికంటే ఎక్కువ సంబరపడింది వాళ్ళమ్మే. పని పూర్తయిన రోజు ఆ నున్నటి గోడను నిమిరి నిమిరి చూసి, కొడుకు చెయ్యి పట్టుకుని చర్చి ముందు చిందులేసింది. సిమెంటు బీటలిచ్చిన చోట వాన లోపలికి పోతుందనీ, పోయిన నీరు బయటికి రాదనీ, లోపల పచ్చి ఇటుక నానుతూనే ఉంటుందనీ అప్పుడెవరికీ తోచలేదు. ఆ కొండల్లో చాలా ఊళ్ళు అదే పని చేశాయి, అంత ప్రేమగానూ చేశాయి. ఇప్పుడు వాటి గోడలు ఒక్కొక్కటే కూలుతున్నాయి.

"ఒక్కసారి వెళ్ళి అలా శిథిలంగా నిలబెట్టినవి చూసొద్దాం, ఆ తర్వాత నీ ఇష్టం," అని వారం రోజులుగా చెల్లెలి చెవినిల్లు కట్టుకుని పోరాడు. డెల్ఫీనాకి బోర్డులన్నా కంచెలన్నా ఒళ్ళు మంట. కాని అన్నయ్య ఈమధ్య వాకిలి దాటితే ఆయాసపడుతున్నాడు. వచ్చే ఏడాదికి ఇలా అడగడానికి ఉంటాడో లేడో. సరేనంది.

దారి పొడవునా అతను ఆమె డ్రైవింగుకి వంకలు పెడుతూనే ఉన్నాడు. కొండలు వెనకబడ్డాయి. ఎండిన గడ్డి, దాని మీద అక్కడక్కడా బొట్లు పెట్టినట్టు జూనిపర్ పొదలు, మూతబడ్డ పెట్రోలు బంకులు. రోడ్డు పక్కన శిలువ కనపడ్డప్పుడల్లా, అక్కడ ఎవరి ప్రాణం పోయిందో తెలియకపోయినా, ఇద్దరూ శిలువ గుర్తు వేసుకున్నారు. వాన కోసం చూసి చూసి భూమి తెల్లగా నెర్రెలిచ్చి ఉంది. ఒక వంతెన దగ్గర బండి నెమ్మదిగా పోనివ్వమన్నాడు.

"ఇది నేను పోసిందే. చూడవే, వెంట్రుకవాసి బీట లేదు."

"దాని లోపల మట్టి లేదు కదా అన్నయ్యా," అంది డెల్ఫీనా. అన్నాక నాలుక కరుచుకుంది. తర్వాతి ఊరు వచ్చేదాకా అతను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం బండి వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బీన్స్, పచ్చి మిరపకాయలు పెట్టి చుట్టిన బురిటో రొట్టెలు తిన్నారు. కారం నాలుక్కి తగిలాక అతని మూతి కాస్త సడలింది. నీ మొగుడు బతికుండగా ఈ బండిని ఇంతకంటే బాగా చూసుకునేవాడని ఒక మాట విసిరాడు. అలక తీరిందని ఆమెకి అర్థమైంది.

అబో చేరేసరికి ఎండ వాలుతోంది. ఎర్ర రాతి గోడలు, మూడంతస్తుల ఎత్తు, పైన కప్పు లేదు, కప్పు ఉండాల్సిన చోట ఆకాశం. రాళ్ళ సందుల్లో పిచ్చుకలు. ఒనేసిమో టోపీ తీసేసి చాలాసేపు అలా మెడ ఎత్తి చూశాడు. గుమ్మం దగ్గర, కిటికీ దగ్గర, మూలల దగ్గర ఆగి రాళ్ళ కూర్పు చూశాడు. మొహం విప్పారింది. "కప్పు లేకుండా మూడు వందల యాభై ఏళ్ళు నిలబడ్డాయే," అన్నాడు. రాయి కాబట్టి నిలబడ్డాయని డెల్ఫీనా నోటి దాకా వచ్చింది. ఒకసారి కరుచుకున్న నాలుకే గనక ఈసారి ముందే ఆపుకుంది.

బోర్డు మీద అంతా రాసి ఉంది. గోడ మందం రాశారు, కట్టించిన పాదిరీలు ఎక్కణ్ణుంచి వచ్చారో రాశారు. కరువొచ్చి, తిండి లేక, దాడులు తట్టుకోలేక జనం ఊరొదిలి పోయారని రాశారు. ఆమె రెండుసార్లు చదివింది. ఆ లోపల కూర్చుని మొక్కుకున్న మనిషి పేరు ఒక్కటీ లేదు.

ఇంతలో ఒక జంట వచ్చి ఫోటో తీసి పెట్టమని ఒనేసిమోని అడిగారు. మాట యాసను బట్టి టెక్సాస్ వాళ్ళే. బలిపీఠం ఉండాల్సిన చోటుకి ముందు కట్టిన తాడుకి ఆనుకుని నిలబడ్డారు. భర్త తల వెనక భార్య రెండు వేళ్ళు చెవుల్లా నిలబెట్టింది. ఒనేసిమో ఓపిగ్గా, వెనక్కీ ముందుకీ జరిగి, రెండు ఫోటోలు తీశాడు. వాళ్ళు వెళ్ళిపోయాక డెల్ఫీనాకి ప్రాణం ఒప్పలేదు. ఎవరు కట్టుకున్నదైనా దేవుడి ఇల్లు. వచ్చి ఊరికే పోవడం ఆమె ఎరగదు. తాడు ఇవతల, గులకరాళ్ళ మీద మోకాళ్ళు వేసింది. ఒక మంగళవార్త జపం సగం కాకముందే పరుగెత్తుకొస్తున్న బూట్ల చప్పుడు వినిపించింది. అక్కడ పనిచేసే రేంజరు అమ్మాయి.

"అమ్మా, పడ్డారా? దెబ్బేమైనా తగిలిందా?"

ఆ పిల్ల మొహంలో నిజంగానే కంగారు ఉంది. ఏం చెప్పాలో డెల్ఫీనాకి తోచలేదు. "లేదమ్మా, చెవిపోగు జారిపోయింది, వెతుక్కుంటున్నా," అనేసింది. ఆ అమ్మాయి మంచిది. వెంటనే తనూ మోకాళ్ళ మీద కూర్చుని, టోపీ పక్కన పెట్టి గులకరాళ్ళు కదిపి చూడటం మొదలుపెట్టింది. చెవిపోగులు రెండూ డెల్ఫీనా చెవులకే ఉన్నాయి. జుట్టు ముందుకి లాక్కుని, తనూ వెతికింది. చర్చిలో అబద్ధం చెప్పడం ఆమె జీవితంలో అదే మొదలు. తలెత్తి చూస్తే గుమ్మం దగ్గర నిలబడి అన్నయ్య ఇటే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం మౌంటెనెయిర్‌లో ఒక చిన్న హోటల్లో ఎంచిలాడాలు తెప్పించుకుని తిన్నారు. కారం వేసినవాడికి చేతులు రాలేదు, పిల్లల తిండిలా ఉంది. చెవిపోగు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"మన చర్చికీ బోర్డు పెడతారు కదా," అన్నాడు ఒనేసిమో, బీన్స్ కెలుకుతూ. "ఏం రాస్తారంటావ్?"

"‘ఇచ్చట డెల్ఫీనా మాయెస్ అను ఆమె నలభై ఏళ్ళు ప్రసంగం వింటూ కునుకు తీసెను’ అని."

అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. కళ్ళు తుడుచుకుని, నా పేరు రాయకపోయినా నాకేం కాదులే అన్నాడు. తర్వాత ఇంకాస్త మెల్లగా అన్నాడు. "నేను పోసిన వంతెనల మీద అందరూ పోతారు. ఎవడూ ఆగడు. జనం ఆగి, లోపలికొచ్చి కూర్చున్నది అదొక్కదాన్లోనే. పిల్లా జెల్లా లేనివాణ్ణి, నాకింకేముందే?"

డెల్ఫీనా కంచం పక్కకి జరిపింది. గులకరాళ్ళు గుచ్చుకున్న మోకాళ్ళు బల్ల కింద ఇంకా సలుపుతున్నాయి. కాని అప్పుడే మనసులో తేల్చేసుకుంది. సంఘానికే ఇచ్చేస్తుంది. కంచె వేస్తే వేసుకోనీ, తాడు కడితే కట్టుకోనీ. ఈయన ఉన్నన్నాళ్ళు కళ్ళ ముందు ఒక గోడ నిలబడి ఉండాలి. తన ప్రార్థన ఇంట్లో చేసుకోవచ్చు.

మర్నాడు తిరుగు దారిలో పాత సైనిక కోట దగ్గర ఆగాలన్నది అతని పట్టే. "రాయి సంగతి చూశాం. మనది మట్టి. మట్టి సంగతి కూడా చూడాలి," అన్నాడు. ఆ మాట తనంతట తానే అన్నందుకు డెల్ఫీనాకి అన్నయ్య మీద జాలీ గౌరవమూ రెండూ కలిగాయి.

కోట అంటే కోటేం లేదు. చదునైన గడ్డి మైదానం, ఆపకుండా వీచే గాలి, అందులో వరసగా పచ్చి ఇటుకల మొండి గోడలు. అరిగిపోయిన పళ్ళలా ఉన్నాయి. ఒక గోడ దగ్గర నలుగురైదుగురు పనివాళ్ళు తట్టల్లో మట్టి పెట్టుకుని మెత్తుతున్నారు. ఒనేసిమో నడక మారిపోయింది. ఆయాసం మర్చిపోయి నేరుగా వాళ్ళ దగ్గరికి పోయాడు. పని చూసుకుంటున్నావిడ పేరు మారిసెలా, ముప్పై అయిదేళ్ళుంటాయి, మోచేతుల దాకా మట్టి. అతను తట్టలోంచి కాస్త మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, గడ్డి ఇంకాస్త పొట్టిగా నరకమన్నాడు. మేస్త్రీవా పెద్దాయనా అని ఆమె నవ్వింది. ఇద్దరికీ మాటలు కలిశాయి. ఏటా మెత్తుతారా అని అడిగాడు. ఏటా మెత్తుతామంది, ఒక్క ఏడు మానేసినా వానకి కరిగిపోతుందట. ఆమె జేబులోంచి ఒక ఫోటో తీసి చూపించింది. అదే మొండి గోడ, ఎన్నో ఏళ్ళ కిందటిది. ఇప్పుడూ గీత తేడా లేకుండా అలాగే ఉంది.

"ఇంత చేస్తున్నారు," అన్నాడు ఒనేసిమో. "ఇంకో నాలుగు వరసలు పేర్చి పైన కప్పు వేసుకోవచ్చు కదమ్మా."

"అలా చెయ్యకూడదు పెద్దాయనా. ఎంత పడిపోయిందో అంతే ఉండాలి. ఇంక పడకూడదు, మళ్ళీ లేవకూడదు. అదీ మా ఉద్యోగం."

ఆమె మామూలుగానే చెప్పి పనిలో పడిపోయింది. అతను పక్కనున్న గోడ మీద అరచెయ్యి ఆనించాడు, పశువు వీపు మీద వేసినట్టు. దూరం నుంచి యూనిఫాం వేసుకున్న మనిషొకడు, అయ్యా, గోడలు ముట్టుకోకండి దయచేసి అని కేక వేశాడు. మర్యాదగానే వేశాడు. ఒనేసిమో పొయ్యి తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని, క్షమించమన్నాడు. బతుకంతా గోడలతో గడిపిన మనిషి తప్పు చేసిన పిల్లాడిలా చేతులు వెనక కట్టుకుని బండి దాకా నడిచొచ్చాడు. డెల్ఫీనాకి ఆ యూనిఫాం వాడి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి వాడు చేసిన తప్పేమీ కనబడక ఇంకా మండింది.

బండెక్కి బయల్దేరారు. ఆమె డ్రైవింగుకి అతను ఒక్క వంకా పెట్టలేదు. దాంతో ఆమెకి భయం వేసింది. కొండలు దగ్గరపడ్డాక తనే కదిపింది.

"ఆలోచించాను అన్నయ్యా. ఆదివారం ఫాదర్‌తో చెప్పేస్తా. సంఘానికే ఇచ్చేద్దాం."

ఊళ్ళోకి వచ్చాక, ఇంటికి కాదు, చర్చి దగ్గర ఆపమన్నాడు.

తలుపు వైపు పోలేదు. చర్చి వెనక నుంచి చుట్టి ఉత్తరం గోడ దగ్గరికి వెళ్ళాడు. గోడకి మరీ దగ్గరగా పోవద్దని డెల్ఫీనా వెనక నుంచి అరుస్తూనే ఉంది. బీట పెద్దదైన చోట రెండు చేతులూ పెట్టి సిమెంటు పెచ్చు పట్టుకుని లాగాడు. పళ్ళెమంత ముక్క ఊడొచ్చి కాళ్ళ దగ్గర పడింది. వెనక తుప్పు పట్టిన జాలీ. అది వేళ్ళతో తుంచితే తెగింది. ఆ సందులోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. మణికట్టు దాకా పోయింది. తీస్తే వేళ్ళకి నల్లటి, చల్లటి బురద. వానలు లేక ఊరంతా మాడిపోతున్న ఎండలో ఆ గోడ లోపల బురద.

"ఇందులో గోడ లేదే," అన్నాడు. "ఎప్పుడో పోయింది. ఇన్నేళ్ళూ నిలబడింది నా సిమెంటు."

ఆమె తన చేతిరుమాలు ఇచ్చింది. అతను తుడుచుకోలేదు.

"వాళ్ళకి ఇవ్వద్దని చెప్పు డెల్ఫీనా."

"నీకోసమే కదా ఇద్దామన్నది. నేనా అడిగింది?"

"నాకోసమే వద్దని చెప్పు. అమ్మ మట్టి మెత్తింది మనుషులు లోపల కూర్చోడానికి. వీళ్ళు మెత్తేది అది చచ్చినట్టే ఉండటానికి. నేను చంపిందాన్ని నలుగురూ వచ్చి ఏటా అలాగే నిలబెడుతుంటే నేను చూళ్ళేను. నిన్న నువ్వు మోకాళ్ళ మీద కూర్చుంటే పడ్డావనుకుంది ఆ పిల్ల." ఊపిరి అందక కాసేపు ఆగాడు. "మిషను కూడా వద్దు. నేను పూసింది నేనే తీసేస్తా. మిగతాది వాన చూసుకుంటుంది."

నీవల్ల ఏమవుతుందని డెల్ఫీనా అడగలేదు. ఆమె ఏడుస్తోంది. ఆదివారం ఫాదర్‌తో అదే చెప్పింది. చేత్తో తీసినా మిషనుతో తీసినా ఆయనకి ఒకటే, జాగ్రత్త అని మాత్రం అన్నాడు.

రైతులను కాచే పునీతుడు శాన్ ఇసిద్రో బొమ్మని డెల్ఫీనా ఇంటి ముందు గదిలో, పొలాలు కనబడేలా పెట్టారు. పొరుగాయన క్లియోఫాస్ మేనల్లుడు పక్క ఊరి నుంచి మనుషుల్ని తెచ్చి గంటను, దూలాలను దించాడు. ఆ తర్వాత సెప్టెంబరు మొదటి శనివారం ఊరంతా గడ్డపారలు పట్టుకుని వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు గోడ వైపు నిలబడ్డారు, మగవాళ్ళు మోతకి వెనక నిలబడ్డారు. చిన్నప్పుడు తల్లుల వెంట ఆ మట్టి పనికి వచ్చినవాళ్ళే అందరూ, ఇప్పుడు నడుములు వంగినవాళ్ళు. ఒనేసిమోని కుర్చీలో నీడకి కూర్చోబెట్టారు. గడ్డపార ఎత్తే సత్తువ అతనికి లేదు. కాని ఏ మేకు ఎక్కడుందో అతనికే తెలుసు. కాస్త పైన, ఎడంగా, ఇప్పుడు లాగు అని కుర్చీలోంచే చెప్తూ పోయాడు. అతను చెప్పిన చోటల్లా మేకు ఉంది. పెచ్చులు పెద్ద పెద్ద పలకలుగా ఊడి పడ్డాయి. సాయంత్రానికి చర్చి ఒంటి మీద బట్ట లేనిదానిలా నిలబడింది, నానిపోయి, మచ్చలు పడి. అందరూ కాసేపు చూసి, తల తిప్పుకున్నారు.

ఏడాదంతా ఎదురుచూసిన వాన నాలుగో రోజు వచ్చింది. డెల్ఫీనా అన్నయ్యని బండిలో కూర్చోబెట్టుకుని చర్చి ముందు ఆపింది. వైపర్లు ఆడుతున్నాయి. ఉత్తరం గోడ ముందు నల్లబడింది, తర్వాత మెరిసింది, తర్వాత కారడం మొదలుపెట్టింది. పైవరస ఇటుకలు చప్పుడు లేకుండా కూర్చుండిపోయాయి. ఎర్రటి నీళ్ళు బండి చక్రాల పక్కనుంచి పంటకాలువలోకి పోతున్నాయి. ఒనేసిమో రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"అమ్మ ఉంటే నన్ను చంపేసేది," అన్నాడు.

"ఏం కాదు," అంది డెల్ఫీనా. "మట్టి ఎత్తుకోడానికి బకెట్టు పట్టుకుని వచ్చేది."

తల్లి పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె వైపర్లు ఆపేసింది. అద్దం మీద నీళ్ళు నిండిపోయి, ఇంక ఏమీ కనపడలేదు.